ఒడిబియ్యం ఎక్కిన విమానం

కోడుమూరు దాటి కొంచెం దూరం పోతే హనుమన్న చేను వస్తుంది. వాన పడితే కొర్రలు, పడకపోతే రాళ్లు. అదీ దాని పంట. అటువంటి చేనును బెంగళూరు కంపెనీవాళ్లు ఎవరో వెతుక్కుంటూ వచ్చి కౌలుకు తీసుకున్నారంటే ముందు ఊళ్లో ఎవరూ నమ్మలేదు. వాళ్లు రాళ్లు ఏరించి, రోలరు తోలించి, పొడుగ్గా నున్నగా రన్‌వే చేశారు. పెట్రోలు లేకుండా కరెంటుతో ఎగిరే చిన్న విమానం కోసమట.

విమానం అనగానే ఊరు చాలా పెద్దదాన్ని ఊహించుకుంది. తీరా చూస్తే తూనీగంత ఉంది. ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. ముందర ఒక ఫ్యాను, వెనక సన్నటి తోక. ఎగిరేటప్పుడు కూడా పెద్ద చప్పుడు లేదు. ఇంట్లో మిక్సీ అంతకంటే ఎక్కువ అరుస్తుంది.

హనుమన్నకు అక్కడే పని ఇచ్చారు. రన్‌వే మీదికి మేకలు, కుక్కలు రాకుండా చూడాలి. విమానం దిగగానే చార్జింగు కేబులు తగిలించాలి, ఎగిరే ముందు పీకేయాలి, సీటు వెనక సామాను తలుపు మూయాలి. యాభై అయిదేళ్లు వచ్చాక దొరికిన నీడపట్టు పని. బాలస్వామి టీ కొట్టు కాడ కూర్చుని లేచేటప్పుడు, "మా ఇమానానికి కరెంటు పెట్టాల, వస్తానప్పా" అని కాస్త గట్టిగానే చెప్పేవాడు.

"ఏమప్పా హనుమన్నా, నీ ఇమానం పూటకెన్ని శేర్లిస్తాది?" అని బాలస్వామి ఎగతాళి.

"పాలియ్యదులేప్పా. పేడ గూడా ఎయ్యదు. నీ బర్రె కంటే మేలు."

విమానాన్ని చూసుకునే ఇంజనీరు అన్సార్ నందికొట్కూరు కుర్రాడు. నడిపే పిల్ల షిరీన్ కర్నూలు పాతబస్తీ అమ్మాయి. ఇద్దరూ హనుమన్నను మామా అనే పిలిచేవాళ్లు. మొదటి రోజుల్లో ఒకసారి అన్సార్ ఆయనకు విషయం విడమరిచి చెప్పాడు.

"డీజిలు బండి పోతా పోతా తేలికైతాది మామా. ఆయిలు కాలిపోతాది కదా. మన బ్యాటరీ అట్ల కాదు. నిండుగా ఉన్నా, ఖాళీ అయినా దాని బరువు దానిదే. దాన్ని మోసుకుంటానే ఎగరాల, మోసుకుంటానే దిగాల. అందుకే మిగతా బరువు కాడ మనం పిసినారి మాదిరి ఉండాల."

"మా బామ్మర్ది మాదిరి అన్నమాట. తిన్నా అంతే, తినకున్నా అంతే" అన్నాడు హనుమన్న. అన్సార్ నవ్వాడు. ఆ మాట అక్కడితో సరిపోయింది.

బరువంటే అన్సార్‌కు ఎంత పట్టింపో చెప్పలేం. మార్కెట్ యార్డు నుంచి ఉల్లిగడ్డల కాటా ఒకటి తెచ్చి షెడ్డులో పెట్టాడు. విమానం ఎక్కేవాళ్లు ముందు ఆ కాటా ఎక్కాలి. చేతిసంచి కూడా దాని మీద పెట్టాల్సిందే.

ఆరు నెలలు ఓర్వకల్లు దాకా పోయి రావడం, ఊరి చుట్టూ తిరగడంతోనే గడిచాయి. ఆ తర్వాత కంపెనీవాళ్లకు కడపదాకా పోవాలనిపించింది. గంట, గంటంబావు ప్రయాణం. అనుమతులన్నీ తెచ్చుకున్నారు. మొదటిసారి షిరీన్ పక్కన కూర్చునేది చేనిచ్చిన ఇంటి మనిషే కావాలన్నారు, ఫొటోలకు బాగుంటుందని.

హనుమన్న కూతురు శివలీల అప్పుడు పుట్టింట్లోనే ఉంది. ఆమెను రాయచోటికిచ్చారు. అల్లుడు గోపీకి అక్కడ సెల్‌ఫోన్ల అంగడి. ఉగాదికి ముందు ఆమెకు ఆరో నెలలో కడుపు నిలవక పోయింది. రెండు నెలలుగా అమ్మ చేతి అన్నం తిని ఇప్పుడిప్పుడే మనిషైంది. రాయచోటికి బస్సులు మారి పోవాలంటే పొద్దస్తమానం కుదుపులే. విమానంలో అయితే గంటలో కడప. అక్కడికి గోపీ కారు తీసుకొస్తాడు.

"నేను పోతా నాయనా" అంది శివలీల. చాలా రోజుల తర్వాత ఆ పిల్ల మొహంలో అంత వెలుగు చూసి హనుమన్న వెంటనే సరేనన్నాడు.

తల్లి గురమ్మ మాత్రం ఒకటే పట్టుబట్టింది. "ఒడిబియ్యం పోయకుండా బిడ్డ గడప దాటదు."

కిందటిసారి శివలీల పుట్టింటి నుంచి పోయేటప్పుడు బస్సు వచ్చేసిందని హడావుడిలో ఒడి నింపకుండానే పంపేశారు. ఆ తర్వాతే కడుపు పోయింది. డాక్టరమ్మ ఇంగ్లీషులో ఏదో జబ్బు పేరు చెప్పింది. గురమ్మ చెవికి అదేమీ ఎక్కలేదు. ఖాళీ ఒడితో పంపినాను, ఖాళీ ఒడితో వచ్చింది, అని రాత్రిళ్లు తనలో తాను అనుకోవడం హనుమన్న ఎన్నోసార్లు విన్నాడు.

ప్రయాణం సోమవారం పెట్టుకున్నారు. గాలి లేవకముందే, ఎండ ముదరకముందే ఎగరాలని అన్సార్ లెక్క. తెల్లవారుజామునే శివలీల కాటా ఎక్కింది, చిన్న సంచి పెట్టింది. అన్సార్ అంకె చూసి, "సరిపోయింది. ఇంకో మామిడిపండు గూడా పెట్టొద్దు మామా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే గురమ్మ వచ్చింది. "అప్పుడే పోతారా? సోమవారం పొద్దున్నే రాహుకాలం. దాటినాంక పోండి."

"అత్తా, గాలి లేస్తాది. శానా కష్టమైతాది" అన్నాడు అన్సార్.

"గాలి రోజూ లేస్తాది నాయనా. నా బిడ్డ రోజూ పోదు."

షిరీన్ ఆకాశం వైపు చూసింది, ఆమె మొహం వైపు చూసింది. తన తల్లి కూడా ఆ ఉదయం ఇంట్లో నుంచి వచ్చేటప్పుడు దారిలో కాపాడాలని చేతికి ఇమాం జామిన్ కట్టి పంపింది. చొక్కా చేతి కింద ఆ గుడ్డముడి కనిపిస్తూనే ఉంది. "ఉందాంలే అన్సార్. లెక్కలో కొంచెం మిగులు ఉండాది కదా" అంది.

అట్లా ఆగిపోయారు. విమానం ఎండలో నిలబడింది. బ్యాటరీ వేడెక్కకుండా అన్సార్ దాని మీద తడి గోనెపట్టాలు కప్పి, ఆరితే మళ్లీ తడుపుతూ అటూ ఇటూ తిరిగాడు.

ఇంటి దగ్గర గురమ్మ కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి ఒడి నింపింది. పసుపు కలిపిన బియ్యం, కొబ్బరి గిన్నెలు, ఖర్జూరాలు, వక్కలు, పసుపుకొమ్ములు, రవికగుడ్డ. లేచి గడప దగ్గరికి వచ్చాక శివలీల పిడికెడు బియ్యం తీసి తల్లి కొంగులో వేసింది. పుట్టిల్లు చల్లగా ఉండాలని అట్లా వేసి పోవడం మామూలే. మిగిలిందంతా గురమ్మ స్టీలు బేసిన్‌లోకి ఎత్తి మూట కట్టింది. పక్కన రవ్వలడ్ల డబ్బా, ఇంకో డబ్బా నిండా నెయ్యి, కొత్త ఇత్తడి బిందె. ఒడిబియ్యం ఒక్కటే పోతే ఎట్లా, సారె ఉండొద్దా?

"అన్సారు ఒప్పుకోడు" అన్నాడు హనుమన్న.

"ఒప్పుకునేదానికి ఆయన బిడ్డనా? సామాను తలుపు మూసేది నువ్వే కదయ్యా."

హనుమన్న అన్నీ కలిపి ఎత్తి చూశాడు. చిన్న బస్తా బరువు, ఇరవై కిలోల పైమాట. ఉల్లిగడ్డల కాలంలో ట్రాక్టరుకు ఎంత వేయాలో అంత వేసి, ఇంకో పది బస్తాలు పైన కట్టి కర్నూలు దాకా తోలిన మనిషి ఆయన. బండి మూలిగేది, డీజిలు కొంచెం ఎక్కువ తాగేది, దోవలో బంకు దగ్గర ఇంకొంచెం పోస్తే పోయేది. ఏ బండైనా అంతే కదా అనుకున్నాడు. పైగా గురమ్మ కళ్లలోకి చూసి కాదనడం ఆయన వల్ల కాలేదు.

రాహుకాలం దాటింది. గాలి ఎంత ఉందో చూడ్డానికి అన్సార్ షెడ్డులోకి పోయాడు, షిరీన్ ముందర ఫ్యాను చూసుకుంటోంది. హనుమన్న కేబులు పీకి, మూట, డబ్బాలు, బిందె సీటు వెనక సర్ది, తలుపు మూసి గొళ్లెం వేశాడు. శివలీల తండ్రి వైపు చూసింది. అడిగే పెట్టి ఉంటాడులే అనుకుంది. ఆయన చూపు తిప్పుకున్నాడు.

విమానం కదిలింది. రోజూ అది సున్నం పూసిన రాయి దగ్గర నేల వదులుతుంది. ఆ రోజు రాయి దాటిపోయింది. ఇంకా నేల మీదనే పోతోంది. చివరన కంచె దగ్గరికొచ్చాక బద్ధకంగా లేచింది.

"ఎండకు గాలి పల్చబడింది మామా. అందుకే లేటుగా లేసింది" అన్నాడు అన్సార్, తనకు తాను చెప్పుకున్నట్టు.

షెడ్డులో ముగ్గురూ కూర్చున్నారు. అన్సార్ ముందర కంప్యూటరు తెర, విమానం బ్యాటరీ ఎంతుందో చూపించేది. పక్కన రేడియో. గురమ్మ గోడ వారన కూర్చుని కొంగులోని పిడికెడు బియ్యాన్ని ముడి వేసుకుంది. మొదట షిరీన్ మాటలు హుషారుగా వచ్చాయి. బనగానపల్లె ఎడమ పక్కన కనిపిస్తోందని, అక్క కిందికి చూసి నవ్వుతోందని. "నాయనా, చెరువులు పళ్లేల మాదిరి ఉండాయి!" అని శివలీల గొంతు. గురమ్మ చేతులు జోడించింది.

ఆ తర్వాత ఎదురుగాలి మొదలైంది. నేలకు దగ్గరగా గాలి తక్కువగా ఉంటుందని షిరీన్ విమానాన్ని కిందికి దించి నడిపింది. తెర మీద అంకె తగ్గుతోంది. ఇంత దూరానికి ఇంత అని అన్సార్ వేసుకున్న లెక్కకంటే చురుగ్గా తగ్గుతోంది. అన్సార్ కుర్చీ ముందుకు లాక్కున్నాడు. కాసేపటికి లేచి నిలబడ్డాడు.

"షిరీన్, కరెంటు ఎక్కువ తాగుతాంది. గాలి లెక్క తీసేసినా ఎక్కువే."

"నాకూ తెలుస్తాంది. కొంచెం పైకి తీయాలన్నా మూలుగుతాంది. ముందర ఎర్రమల కొండల చివర వస్తాండాది. దాటాలంటే ఎక్కాల. కడప కష్టం అన్సార్. కొండ దాటితే సిమెంటు ఫ్యాక్టరీ వాళ్ల పాత రన్‌వే ఉండాది. ఆడికి చాలుతాదా?"

అన్సార్ నుదురు రుద్దుకున్నాడు. "బరువు మనం తూచిందే. గాలి తెలిసిందే. అయినా ఇట్ల తాగుతాందంటే లోపల బ్యాటరీలోనే ఏదో పోయింది. పొద్దున ఎండలో పెట్టినాం కదా." అతను తెర మీదికి వంగాడు. "చెడిపోయిన బ్యాటరీతో కొండ ఎక్కొద్దు షిరీన్. మంట లేస్తే ఏం చేయలేం. ఇప్పుడే కిందికి చూడు. ఏ చేనైనా సరే, దింపెయ్."

"కింద చేన్లు లేవు. అంతా పరుపుబండలు, కరెంటు తీగలు." ఆ మాట నింపాదిగానే వచ్చింది. "సరే, చూస్తా."

బండల మీద దిగితే ఏమవుతుందో హనుమన్నకు ఎవరూ చెప్పక్కర్లేదు. తన చేను నుంచి ఏరిన రాళ్లు కుప్పలుగా రన్‌వే పక్కనే ఉన్నాయి.

"అన్సారూ... బ్యాటరీ కాదప్పా."

"ఆగు మామా."

"బ్యాటరీ కాదంటాండా కదరా! బరువు. నేనే పెట్టినా. ఒడిబియ్యం, బిందె, నెయ్యి డబ్బా. ఇరవై కిలోలు పైనే ఉంటాది."

అన్సార్ ఆయన వైపు తిరిగాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది. వెంటనే రేడియో అందుకున్నాడు.

"షిరీన్, దించొద్దు. బ్యాటరీ బాగానే ఉండాది. సీటు వెనక బరువుండాది, ఇరవై కిలోల పైన. మామ పెట్టినాడు. విను. బండల మీద వద్దు. కొండ దాటి ఫ్యాక్టరీ రన్‌వే పట్టుకో. ఉన్న కరెంటు దానికి చాలుతాది. చాలాల. కొండెక్కే ముందు ఆ బరువు పారేస్తే..."

"కిటికీ చెయ్యి పట్టేంతే ఉండాది. బిందె పోదు. బియ్యం పోతాది. కింద ఇండ్లు లేవు, అడివే." తర్వాత ఆమె గొంతు పక్కకు తిరిగింది. "అక్కా, వెనక మూట విప్పు. గుప్పిళ్లతో బయట పోసెయ్. బిరీన."

గాలి చప్పుడు మధ్య శివలీల మాట, చిన్నగా, గట్టిగా: "నేను పొయ్యను."

"అక్కా!"

"అది ఒడిబియ్యం. మా అమ్మ పోసింది. నేను పారెయ్యను. లడ్లు పారేస్తా. నెయ్యి పారేస్తా. అది మాత్రం అడగొద్దు."

అన్సార్ రేడియోను హనుమన్న చేతిలో పెట్టాడు. "పాపా, పోసెయ్ తల్లీ, మళ్లీ పోసుకుందాం" అన్నాడు హనుమన్న. అవతల శివలీల ఏడుస్తోంది గానీ కదల్లేదు. కిందటిసారి ఏం జరిగిందో ఆ పిల్లకూ తెలుసు. రెండు నెలలు రాత్రిళ్లు తల్లి గొణుగుడు ఆమె కూడా విన్నది.

హనుమన్న పెళ్లాం వైపు చూశాడు. గురమ్మ గోడ పట్టుకుని లేచింది. రేడియో ఎట్లా పట్టుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆయనే ఆమె నోటి దగ్గర పెట్టి మీట నొక్కాడు.

"శివలీలా."

"అమ్మా..."

"పొద్దున గడప కాడ పిడికెడు బియ్యం మనింట్లో ఏసి పోతివే. ఏసినావా లేదా?"

"ఏసినా."

"పుట్టిల్లు సల్లంగుండాలని ఏస్తారు. ఇదీ అదే. నువ్వింకా మన పక్క దాటలేదు. కింద ఉండేదంతా నీ పుట్టిల్లే. ఏసెయ్. పారేస్తాండానని అనుకోవద్దు. ఏస్తాండానని అనుకో." గురమ్మ ఊపిరి తీసుకుంది. "నాకు ఒడి నిండుగా వద్దు. నువ్వు దిగితే చాలు."

మళ్లీ గాలి చప్పుడు. కిటికీ తీసిన హోరు. అందులో శివలీల ఏదో అంటున్నట్టు వినిపించింది. ఏడుపో, దేవుడి పేరో తెలియలేదు. షిరీన్ మధ్యమధ్యలో చెబుతూ ఉంది. బియ్యం అయిపోయింది. కొబ్బరి అయిపోయింది. లడ్లు అయిపోతున్నాయి. నెయ్యి కిటికీ అద్దమంతా పూసుకుంది. ఇప్పుడు ఎక్కుతున్నాం. ఎక్కుతున్నాం. ఆ తర్వాత ఆమె కూడా మాట్లాడలేదు. తెర మీద అంకె ఎరుపుకు తిరిగింది. గురమ్మ దాని వైపు చూడలేదు. హనుమన్న చూపు మాత్రం దాని మీద నుంచి తిరగలేదు. ఆ ఎర్ర అంకెలో తన కూతురు కూర్చుని ఉన్నట్టే ఉంది.

చాలాసేపటికి రేడియో గరగరమంది.

"దిగినాం."

అన్సార్ కింద కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

అయితే కథ అక్కడితో సుఖంగా ముగిసిందనుకోవడానికి లేదు. ఆ ఫ్యాక్టరీ రన్‌వే దగ్గర విమానానికి పెట్టే చార్జింగు లేదు. పెట్రోలైతే ఎవరో ఒకరు డబ్బాతో తెచ్చి పోసేవాళ్లు. ఈ కరెంటును డబ్బాలో ఎట్లా తేవడం? గోపీ కారు వేసుకుని అక్కడికే పోయి శివలీలను తీసుకుపోయాడు. షిరీన్ విమానం రెక్క నీడలో రెండు రోజులు కాపలా కూర్చుంది. చివరకు రెక్కలు విప్పి లారీలో తేవాలన్నారు. బెంగళూరు నుంచి పెద్దసారు ఫోన్ చేసి అడిగితే అన్సార్ ఉన్నదున్నట్టు చెప్పాడు. హనుమన్న ఫోను లాక్కుని, "తప్పు నాది సార్, పిల్లోళ్లది కాదు" అన్నాడు. సారు కోప్పడలేదు. కడప దారి ఇప్పటికి ఆపేస్తున్నామనీ, ఇంకా మంచి బ్యాటరీ వచ్చాక చూద్దామనీ అన్నాడు. అదెప్పుడో ఆయనా చెప్పలేదు.

లారీ వచ్చింది. ఉల్లిగడ్డల లారీయే. రెక్కలకు గోనెసంచులు చుట్టి, కొబ్బరితాళ్లతో కట్టి తెచ్చారు. టీ కొట్టు ముందర నుంచే పోయింది. బాలస్వామి ఏదో అనబోయి, లారీ వెనక నడుస్తున్న హనుమన్న మొహం చూసి గ్లాసులు కడగడంలో పడ్డాడు.

షిరీన్ లారీ దిగి ముందుగా హనుమన్న దగ్గరికే వచ్చింది. ఎండకు మొహం కమిలిపోయింది. ఆయన తల ఎత్తలేదు.

"నిన్ను సంపేసుందును పాపా."

"రాహుకాలం దాకా ఆగుదామన్నది నేనే కదా మామా. మిగులు ఉండాదని చెప్పిందీ నేనే." నీళ్లు తాగి, చెంబు కింద పెట్టింది. "ఒకటే ఆలోచిస్తాండా. ఆడ కూర్చుని రెండు రోజులూ అదే. ఆడబిడ్డను పంపేటప్పుడు మూట కట్టకుండా పంపేవాళ్లు మన జిల్లాల్లో ఎవరుండారు? మా అమ్మయినా అంతే. ఒక మూటను గూడా మోయలేని ఇమానం ఈ ఊర్లకు ఏం పనికొస్తాది?"

అన్సార్ లారీ మీది తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

రెక్కను దించడానికి ఇద్దరు సరిపోయారు. చాటంత తేలిక. తోక దించారు. ఆ తర్వాత బ్యాటరీ పెట్టె. హనుమన్న ఒక పక్క పట్టుకున్నాడు, అన్సార్ ఇంకో పక్క, డ్రైవరు, క్లీనరు, ఇంకా ఇద్దరు. ఒక్కసారిగా ఎత్తారు. పెట్టె కదిలి మళ్లీ కూర్చుంది. హనుమన్న నడుము పట్టేసింది.

"ఇది ఖాళీదే కదప్పా?"

"ఖాళీదే మామా."

మళ్లీ ఎత్తారు. ఈసారి లేచింది. షెడ్డు దాకా మోస్తుంటే హనుమన్నకు కళ్లలో నీళ్లు తిరిగాయి. మోతకో దేనికో ఆయనకే తెలియదు.

సాయంత్రం విమానం లోపల తుడుస్తుంటే సీటు సందుల్లో పసుపు బియ్యం గింజలు కొన్ని దొరికాయి. ఒక్కొక్కటే ఏరి తువ్వాలు కొసలో కట్టుకుని ఇంటికి తెచ్చాడు. గురమ్మ చూసింది. తన కొంగు ముడి విప్పి, ఆ రోజు గడప దగ్గర బిడ్డ వేసిన పిడికెడులో వీటిని కలిపింది.

"వండుతావా?" అని అడిగాడు.

"బిడ్డది మనం తినకూడదు."

దీపం గూట్లో చిన్న గిన్నెలో పోసి మూత పెట్టింది. కూతురికి ఫోన్ చేస్తుందేమో అని హనుమన్న చూశాడు. రోజూ చేసే మనిషే. ఆ రోజు ఫోను చేతిలోకి తీసుకుని, కాసేపు పట్టుకుని, మళ్లీ పక్కన పెట్టేసింది.

"మళ్లీ ఖాళీ ఒడితోనే పోయె. ఎట్లుంటాదో ఏమో ఈసారి" అంది. అది ఆయనతో అన్న మాట కాదు.